265 నానోమీటర్ల శిఖరం ఎవరిది? ఒక గ్రాఫీన్ నమూనాపై కాంతి శోషణ కేస్ స్టడీ

యాంటీస్టాటిక్ పూతలు తయారుచేసే ఒక చిన్న యూనిట్ నుంచి మా ల్యాబ్‌కు ఒక సీసా వచ్చింది. లోపల నల్లటి ద్రవం. లేబుల్ మీద ‘రెడ్యూస్డ్ గ్రాఫీన్ ఆక్సైడ్, నీటిలో, లీటరుకు 2 గ్రాములు’ అని ఉంది. అమ్మినవాళ్ల సర్టిఫికెట్ కూడా జతచేశారు. అందులో చూపిన ఆధారం ఒక్కటే: యూవీ-విజిబుల్ శోషణ పటం (ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కాంతి శోషణ జరిగిందో చూపే గీత), దాంట్లో 265 నానోమీటర్ల దగ్గర చక్కటి శిఖరం. హైడ్రజీన్ లాంటి విషపదార్థాల జోలికి పోకుండా విటమిన్ సితోనే క్షయకరణం (ఆక్సిజన్‌ను తొలగించడం) చేశామని కింద రాశారు.

యూనిట్ యజమాని ఇబ్బంది సూటిగా చెప్పారు. “సార్, షీటు మీద పూస్తే రంగు బాగానే పడుతోంది. కరెంటు మాత్రం పోవట్లేదు. మీటరు పెడితే ఏమీ చూపించదు. తప్పు పూతను పట్టి ఉంచే మా బైండర్‌దా, ఈ సరుకుదా? అసలు ఇది గ్రాఫీనేనా, ఇందులో ఎన్ని పొరలుంటాయి?”

రామన్, ఎక్స్‌రే డిఫ్రాక్షన్ లాంటి పరీక్షలు చేయించవచ్చు. కానీ సర్టిఫికెట్ శోషణ పటం మీద నిలబడి ఉంది కాబట్టి ముందు దాన్నే తేల్చాలనుకున్నాను. కాంతి శోషణ కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్, నమూనా పోసే క్వార్ట్జ్ క్యువెట్, వేగంగా తిప్పి మడ్డిని దింపే సెంట్రిఫ్యూజ్ ఉంటే చాలు. ఈ కేసులో తేలాల్సింది దాదాపు అంతా వీటితోనే తేలింది.

పొరల కార్బన్, కాంతి

గ్రాఫైట్‌లో కార్బన్ పొరలు 0.335 నానోమీటర్ల ఎడంతో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలొవ్ బృందం ఒక్క పొరను, అంటే గ్రాఫీన్‌ను, విడదీసి దాని ఎలక్ట్రానిక్ గుణాలు కొలిచింది. 2008లో అదే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన కొలత నాకు మరీ ఇష్టం. ఒక్క పొర దాని మీద పడిన దృశ్యకాంతిలో 2.3 శాతాన్ని శోషిస్తుంది. రంగు ఏదైనా దాదాపు అంతే. ఆ సంఖ్య పదార్థపు లెక్కల్లోంచి కాకుండా ప్రకృతి స్థిరాంకం నుంచి వస్తుంది: ఫైన్ స్ట్రక్చర్ స్థిరాంకం, అంటే సుమారు 137లో ఒక వంతు, దాన్ని పై (π)తో గుణిస్తే 0.0229. ఒక్క పరమాణువు మందమున్న పొర కంటికి తెలిసేంత కాంతిని ఆపడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

స్పెక్ట్రోఫోటోమీటర్ భాషలో చెప్పాలంటే ఒక్కో పొర అబ్సార్బెన్స్ (ఎంత కాంతి ఆగిందో చెప్పే లాగరిథమ్ కొలత) 0.01. రెండు పొరలైతే 0.02. కొద్ది పొరల వరకూ ఈ కూడిక బాగానే నడుస్తుంది.

అతినీలలోహిత ప్రాంతంలో కథ వేరు. గ్రాఫీన్ శోషణ అక్కడ పెరుగుతూ పోయి 4.62 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర శిఖరం చేరుతుంది. తరంగదైర్ఘ్యంలో అది 268 నానోమీటర్లు. బ్రిలువా మండలం (స్ఫటికంలో ఎలక్ట్రాన్ల స్థితులను గుర్తించే పటం లాంటిది) అంచున ఎం అనే బిందువు చుట్టూ శక్తిపట్టీలు చదునుగా ఉంటాయి. అందువల్ల చాలా ఎలక్ట్రాన్లు దాదాపు ఒకే శక్తితో పైపట్టీలోకి దూకగలుగుతాయి. ఎలక్ట్రాన్‌కూ అది వదిలిన ఖాళీకీ మధ్య ఆకర్షణను లెక్కలో చేర్చకపోతే శిఖరం 5.2 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర రావాలి. ఆ ఆకర్షణే దాన్ని 4.62కు దించుతుంది. 2011లో మాక్, షాన్, హైంజ్ దీన్ని కొలిచి చూపించారు. శిఖరం రెండువైపులా సమంగా ఉండదు. తక్కువ శక్తి వైపు పొడవైన తోక సాగి, దృశ్యకాంతి అంతటా పరుచుకుంటుంది. ఆ తోకే ఈ కేసును తేల్చింది.

గ్రాఫీన్ ఆక్సైడ్‌లో ఆక్సిజన్ గుంపులు పొర నిండా అతుక్కుని, పై (π) ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరిగే సంయుగ్మ జాలాన్ని చిన్నచిన్న దీవులుగా తెంచేస్తాయి. శిఖరం 230 నానోమీటర్ల దగ్గరికి జరుగుతుంది. 300 దగ్గర కార్బొనైల్ గుంపుల వల్ల ఒక చిన్న భుజం కనిపిస్తుంది. దృశ్యకాంతిలో తోక పడిపోతుంది. అందుకే పలచన చేసిన గ్రాఫీన్ ఆక్సైడ్ నలుపుగా కాక తేనె రంగులో ఉంటుంది. కరెంటు కూడా పోదు.

క్షయకరణం చేస్తే ఆక్సిజన్ కొంత పోతుంది, దీవులు కలుస్తాయి. 2008లో డాన్ లీ, వాలెస్ తదితరులు గ్రాఫీన్ ఆక్సైడ్‌ను హైడ్రజీన్‌తో 95 డిగ్రీల దగ్గర క్షయకరించినప్పుడు శిఖరం 231 నుంచి 270కి జరిగింది. అంతకు మించి, 231కి పైన ఉన్న మొత్తం ప్రాంతంలో శోషణ పెరిగింది. ఈ రెండూ జంటగా జరగాలి. సర్టిఫికెట్లు, చాలా పేపర్లు మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని వదిలేస్తాయి.

కొలతకు ముందు సరిచూసినవి

గాజు క్యువెట్ 320 నానోమీటర్ల కిందికి పనికిరాదు. ప్లాస్టిక్ క్యువెట్లు దాదాపు 300 కింద కాంతిని ఆపేస్తాయి. అలాంటి క్యువెట్‌లో నల్లటి ద్రవం పోసి స్కాన్ చేస్తే క్యువెట్ అంచు దగ్గర ఏర్పడే గుట్టను నమూనా శిఖరమని నమ్మేవాళ్లు ఉన్నారు. కాబట్టి క్వార్ట్జ్ తప్పనిసరి. ముందు ఖాళీ నీటితో 200 నుంచి 800 వరకూ స్కాన్ చేసి చూశాను. డ్యుటీరియం దీపం నుంచి టంగ్‌స్టన్ దీపానికి మారే చోట, మా యంత్రంలో 350కి దగ్గర, మెట్టు ఏమీ లేదని నిర్ధారించుకున్నాను.

గాఢతే ఎక్కువమంది పప్పులో కాలేసే చోటు. సీసాలోని ద్రవాన్ని ఉన్నదున్నట్టు పెడితే అబ్సార్బెన్స్ 3 దాటిపోతుంది. ఆ స్థితిలో డిటెక్టర్‌కు చేరేది ఎక్కువగా యంత్రంలోని చిల్లర కాంతే. శిఖరం తల నరికినట్టు చదునై, దాని స్థానం కూడా తప్పుగా కనిపిస్తుంది. అందుకని 200 రెట్లు పలచన చేసి శిఖరాన్ని 0.2కూ 1కీ మధ్యకు తెచ్చాను. దృశ్యకాంతి తోక కోసం విడిగా 20 రెట్ల పలచన పెట్టుకున్నాను. రెండిట్లోనూ అబ్సార్బెన్స్ గాఢతకు తగ్గట్టే మారింది. బీర్-లాంబర్ట్ నియమం నిలబడింది.

వెదజల్లడం అనే సమస్య ఇంకొకటి ఉంది. సాధారణ స్పెక్ట్రోఫోటోమీటర్ శోషించిన కాంతినీ, పక్కకు వెదజల్లిన కాంతినీ వేరుచేయలేదు, రెండూ కలిపి నష్టంగానే చూపిస్తుంది. మందమైన గ్రాఫైట్ రేకులు ఉంటే వెదజల్లడం వల్లే తోక ఎత్తుగా కనిపించి, బాగా క్షయకరించిన సరుకులా భ్రమ కలిగిస్తుంది. వెదజల్లిన కాంతిని కూడా పోగుచేసే ఇంటిగ్రేటింగ్ స్పియర్ ఉంటే దాన్ని తీసివేయవచ్చు. మన నమూనాలో తోక ఎత్తుగా లేనే లేదు కాబట్టి ఆ బెడద రాలేదు.

మొదటి పటం

పటంలో 265 దగ్గర శిఖరం ఉంది. అంటే సర్టిఫికెట్‌లోని బొమ్మ కల్పించింది కాదు. దాని ఎడమవైపు 230 దగ్గర గట్టి భుజం ఉంది. తోక ఉండే దృశ్యకాంతిలో, 660 నానోమీటర్ల దగ్గర, విలువ శిఖరంలో పదో వంతు కూడా లేదు. పలచన చేసిన ద్రవం నలుపు కాదు, తేనె రంగే.

అంటే శిఖరం క్షయకరణం జరిగిందంటోంది, తోక జరగలేదంటోంది. శిఖరం ఆకారం కూడా నాకు నచ్చలేదు. గ్రాఫీన్ శిఖరం వాలు సోమరిగా దృశ్యకాంతిలోకి దిగుతుంది. ఇది 300కల్లా నిటారుగా పడిపోయింది. అంత సన్నని, రెండువైపులా సమంగా ఉన్న శిఖరం సాధారణంగా కరిగిన చిన్న అణువులది.

ఏ అణువు అన్నది సర్టిఫికెట్‌లోనే రాసి ఉంది. ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి, తటస్థమైన నీటిలో ఒక ప్రోటాన్ కోల్పోయి ఆస్కార్బేట్‌గా ఉంటుంది. ఆస్కార్బేట్ శోషణ శిఖరం సరిగ్గా 265 నానోమీటర్లు. దాని మోలార్ శోషణ గుణకం కూడా పెద్దది, మోల్‌కు సెంటీమీటరుకు సుమారు 15,000 లీటర్లు. లీటరు నీటిలో 10 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటే చాలు, అబ్సార్బెన్స్ 0.85 వస్తుంది. క్షయకరణానికి గ్రాఫీన్ ఆక్సైడ్‌తో సమానంగానో, ఎక్కువగానో విటమిన్ సి వేస్తారు. కడగకపోతే పటంలో కనిపించేది గ్రాఫీన్ కాదు, విటమిన్ సి.

ఒక్క చుక్క ఆమ్లం

అనుమానం తీర్చుకోవడానికి చేసిన పరీక్ష చాలా తేలిక. పలచన చేసిన నమూనాలో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి పీహెచ్‌ను 2కు దించి, వెంటనే మళ్లీ స్కాన్ చేశాను. నైట్రిక్ ఆమ్లం వాడకూడదు, నైట్రేట్ అతినీలలోహితంలో తనే శోషిస్తుంది. క్లోరైడ్‌తో ఆ పేచీ లేదు.

ఆస్కార్బిక్ ఆమ్లం పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ కోల్పోయి ఉండే పీహెచ్) 4.1, 4.2 ప్రాంతంలో ఉంటుంది. పీహెచ్ 2 దగ్గర అది ప్రోటాన్‌ను తిరిగి పుచ్చుకుంటుంది, శిఖరం 265 నుంచి 245 దగ్గరికి జరుగుతుంది. గ్రాఫీన్ శిఖరానికి అలా జరగాల్సిన కారణమేమీ లేదు. ఆమ్లంలో రేకులు ముద్దకట్టి పటం మొత్తం కిందికి దిగవచ్చు, కాబట్టి ఆలస్యం చేయకూడదు. అయినా శిఖరం ఉన్న చోటే ఉంటుంది.

మన నమూనాలో 265 ఖాళీ అయిపోయింది. గుట్ట ఎడమకు జరిగి 230 భుజంతో కలిసి ఒకే వెడల్పాటి దిబ్బగా మారింది. అమోనియా చుక్కలు వేసి తటస్థం చేయగానే 265 శిఖరం మళ్లీ లేచింది. అంతటితో నాకు సందేహం పోయింది. కానీ యూనిట్ వాళ్లు ఇదే కాగితం పట్టుకుని అమ్మినవాళ్లతో మాట్లాడాలి కాబట్టి ఇంకో దారిలో కూడా రుజువు కావాలి.

విడదీసి చూడటం

గ్రాఫీన్ ఆక్సైడ్ పొరలు చాలా పలచన. మామూలు వేగంతో సెంట్రిఫ్యూజ్ తిప్పితే పూర్తిగా కిందికి దిగవు. కొంచెం ఉప్పు వేస్తే పొరల మీది ఋణావేశం కప్పబడి అవి గుంపులుగా చేరతాయి, అప్పుడు సులువుగా దిగుతాయి. సోడియం క్లోరైడ్ 210 నానోమీటర్లకు పైన ఏమీ శోషించదు. అలా తిప్పాక పైన మిగిలిన నీరు మంచినీళ్లలా తేటగా ఉంది. దాన్ని స్కాన్ చేస్తే 265 శిఖరం నిండుగా వచ్చింది. కంటికి ఏమీ లేని నీటిలో ‘గ్రాఫీన్’ శిఖరం! యూనిట్ యజమానికి ఈ క్యువెట్‌నూ, స్క్రీన్ మీది పటాన్నీ పక్కపక్కన చూపించినప్పుడు విషయం విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

కింద దిగిన మడ్డిని శుద్ధజలంతో కడిగి, చిన్న అణువులను మాత్రమే బయటికి పోనిచ్చే డయాలిసిస్ సంచిలో నీళ్లు మారుస్తూ ఉంచి, మళ్లీ నీటిలో కలిపాను. ఈసారి వచ్చిన పటం పాఠ్యపుస్తకంలోది లాగే ఉంది: 230 దగ్గర శిఖరం, 300 దగ్గర భుజం, 660 దగ్గర దాదాపు ఏమీ లేదు. అది క్షయకరణం జరగని గ్రాఫీన్ ఆక్సైడ్.

ఇంకొక చిన్న సంగతి. మొదటి రోజు పలచన చేసి మూత లేకుండా ఉంచిన నమూనాలో మర్నాటికి 265 శిఖరం బాగా తగ్గింది. ఆస్కార్బేట్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి డీహైడ్రోఆస్కార్బిక్ ఆమ్లంగా మారుతుంది, దానికి 265 దగ్గర శోషణ లేదు. కార్బన్ పొరలు అలా రాత్రికి రాత్రి మాయమవవు.

చేసి చూపించడం

సరుకు తప్పని చెప్పడంతో పని అయిపోదు. కడిగిన అదే పదార్థాన్ని నిజంగా క్షయకరిస్తే పూత పనిచేస్తుందా అన్నది యూనిట్‌కు అసలు అవసరం. విటమిన్ సి పద్ధతిలో లోపం లేదు. 2010లో స్పెయిన్ పరిశోధకులు అది హైడ్రజీన్‌కు దాదాపు సాటి రాగలదని చూపించారు. అయితే వేడి కావాలి. గది ఉష్ణోగ్రతలో ఈ చర్య చాలా మెల్లగా సాగుతుంది. విటమిన్ సి అంతా ఖర్చుకాకుండా మిగిలి, గ్రాఫీన్ ఆక్సైడ్ కూడా మారకుండా మిగిలి ఉందంటే, కలిపిన తర్వాత తగినంత వేడి చేయకుండానే సీసాలో నింపి ఉంటారని నా అంచనా.

కడిగిన గ్రాఫీన్ ఆక్సైడ్‌ను అమోనియాతో పీహెచ్ 9, 10 మధ్యకు తెచ్చి, విటమిన్ సి వేసి, 95 డిగ్రీల వాటర్‌బాత్‌లో పెట్టాం. అమోనియా ఎందుకంటే, క్షార స్థితిలో పొరల అంచుల మీది కార్బాక్సిల్ గుంపులు ఋణావేశంతో ఉండి పొరలను దూరంగా ఉంచుతాయి. లేకపోతే క్షయకరణం సాగేకొద్దీ అవి మళ్లీ గ్రాఫైట్‌లా అతుక్కుంటాయి. మధ్యమధ్యలో కొంచెం తీసి, కడిగి, స్కాన్ చేశాం. కడగకుండా నేరుగా స్కాన్ చేస్తే మళ్లీ మొదటికే వస్తాం. పైగా వేడికి విటమిన్ సి విరిగి ఏర్పడే ఫర్ఫురాల్ లాంటివి 277 ప్రాంతంలో శోషిస్తాయి.

శిఖరం 230 నుంచి కుడికి నడిచి 268 దగ్గర ఆగింది. దాంతోపాటు తోక లేచింది. 660 దగ్గర విలువ శిఖరంలో మూడో వంతు దరిదాపులకు వచ్చింది. 300 భుజం కలిసిపోయింది. పలచన ద్రవం తేనె రంగు వదిలి బూడిద నలుపుకు వచ్చింది. దీని మీద ఆమ్లం పరీక్ష చేస్తే కాసేపటికి ముద్దలు కట్టడం మొదలైంది గానీ శిఖరం జరగలేదు. వడకట్టి ఆరబెట్టిన పొర మీద మీటరు కిలోఓమ్‌లు చూపించింది. బైండర్ నిర్దోషి.

గాఢత, పొరల సంఖ్య

లేబుల్ మీది ‘లీటరుకు 2 గ్రాములు’ కూడా చూడాలి. సీసాలోని ద్రవాన్ని నేరుగా ఆరబెట్టి తూస్తే ఇంచుమించు 2 గ్రాముల లెక్కే వచ్చింది. అయితే ఆ బరువులో విటమిన్ సి కూడా ఉంది. కడిగి తూస్తే సగం దగ్గర తేలింది. యూనిట్ వాళ్లు గ్రాఫీన్ ధరకు విటమిన్ సి కొన్నారన్నమాట.

శోషణతో గాఢత కట్టేవాళ్లకు ఇక్కడ ఒక హెచ్చరిక. ద్రవంలో విడదీసిన గ్రాఫీన్‌కు 660 నానోమీటర్ల దగ్గర వాడే శోషణ గుణకం ఒక్కటే కాదు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో కోల్‌మన్ బృందమే 2008లో 2460, 2009లో 1390, 2010లో 6600 అని, గ్రాముకు మీటరుకు లీటర్లలో, వేర్వేరు డిస్పర్షన్లకు (ద్రవంలో రేకులు చెదిరి ఉన్న మిశ్రమాలకు) ఇచ్చింది. ఒక సెంటీమీటర్ క్యువెట్‌లో 0.66 వచ్చిందనుకోండి. 1390తో లెక్కిస్తే లీటరుకు 47 మిల్లీగ్రాములు, 6600తో లెక్కిస్తే 10. ఏ గుణకం వాడారో రాయని గాఢతను నేను లెక్కలోకి తీసుకోను. గ్రాఫీన్ ఆక్సైడ్‌కు ఇవేవీ వర్తించవు. కడిగి, ఆరబెట్టి, తూచి, మన సొంత కాలిబ్రేషన్ గీత గీసుకోవడమే దారి.

ఎన్ని పొరలన్న ప్రశ్నకు ఈ ద్రవంలో శోషణ జవాబు చెప్పలేదు, అదే మాట రిపోర్టులో రాశాను. పొరకు 2.3 శాతం అన్నది చదునుగా పరచిన, ఆక్సిజన్ లేని గ్రాఫీన్‌కు చెల్లే లెక్క. ఆక్సైడ్‌తో సంయుగ్మ జాలం తెగిపోయినప్పుడు ఒక్కో పొర అంత కాంతిని ఆపదు. ద్రవంలో విడదీసిన శుద్ధ గ్రాఫీన్‌కైతే 550, 325 నానోమీటర్ల దగ్గరి విలువల నిష్పత్తి నుంచి సగటు పొరల సంఖ్యను అంచనా వేసే పద్ధతి ఉంది, అది ఇక్కడ పనికిరాదు. పొరల మందం కావాలంటే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ కిందికే వెళ్లాలి.

ఇతర సీసాల్లోనూ ఇదే ప్రమాదం

ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మన దగ్గర ఆకుల కషాయాలతో గ్రాఫీన్ ఆక్సైడ్‌ను క్షయకరించే పని కాలేజీ ల్యాబుల్లో విరివిగా జరుగుతోంది. టీ ఆకు, ఉసిరి, దానిమ్మ తొక్క, ఏది తీసుకున్నా వాటిలోని పాలీఫినాల్స్, టానిన్లు 260 నుంచి 280 నానోమీటర్ల మధ్య గట్టిగా శోషిస్తాయి. అంటే గ్రాఫీన్ శిఖరం ఎక్కడ రావాలని ఎదురుచూస్తామో సరిగ్గా అక్కడే. పాలీఫినాల్స్ పొరల మీద అతుక్కుంటాయి కూడా, కాబట్టి ఒక్కసారి కడిగితే పోవు. రేకులను ద్రవంలో విడివిడిగా ఉంచడానికి కలిపే, బెంజీన్ వలయమున్న డిస్పర్సెంట్లు, ఉదాహరణకు సోడియం డొడెసిల్ బెంజీన్ సల్ఫొనేట్, 225, 260 ప్రాంతాల్లో శోషిస్తాయి. కషాయాన్ని మాత్రమే అదే వేడిలో, అదే సమయం ఉంచి తీసిన పటాన్ని పక్కన చూపించని పేపర్‌లో 270 శిఖరం నాకు రుజువు కాదు. ప్రాజెక్టు చేసే పిల్లలు ఈ ఒక్క బ్లాంక్ తీసుకుంటే వాళ్ల పనికి ఎంతో బలం వస్తుంది.

ఇచ్చిన రిపోర్టు, తర్వాత జరిగింది

రిపోర్టులో నాలుగు పటాలు పెట్టాం: వచ్చినది వచ్చినట్టు, ఆమ్లం వేశాక, ఉప్పుతో తిప్పాక పైన మిగిలిన తేటనీరు, కడిగిన ఘనపదార్థం. అన్నీ ఒకే స్కేలు మీద. అమ్మినవాళ్లు పటాలు చూసి వాదించలేదు, సరుకు వెనక్కి తీసుకున్నారు. యూనిట్ ఇప్పుడు కొనుగోలు ఆర్డర్‌లోనే షరతులు రాస్తోంది. డయాలిసిస్ చేసిన నమూనా మీద కొలవాలి. శిఖరం 260కి పైన ఉండాలి, పీహెచ్ 2 దగ్గర అది జరగకూడదు. 660 విలువ శిఖరంలో నాలుగో వంతుకు తగ్గకూడదు. పైతేట నీటి పటం విడిగా జతచేయాలి, అందులో 230కి పైన ఏ శిఖరమూ కనిపించకూడదు. వాళ్ల గోదాములో సీసా దిగగానే ఆమ్లం పరీక్షను వాళ్ల కెమిస్టే చేసి, పటం ప్రింటు తీసి ఇన్‌వాయిస్‌కు పిన్ చేస్తున్నారు.